కరుణమ్మ పిన్నిగారి డోలక్, మా జ్యోతి ఫోను

మొన్న రాజమండ్రి నుంచి కొవ్వూరు వెళ్తుంటే బస్సులో నా పక్కన ఓ కాలేజీ అమ్మాయి కూర్చుంది. చెవుల్లో వైర్లు పెట్టుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఏదో పాటల ఆటలో రెండు బొటనవేళ్ళతో అద్దం మీద టకటకా కొడుతోంది. పాట ఆ పిల్లకే వినబడుతోంది. నాకు వినబడేదల్లా ఆ గోళ్ళ చప్పుడే. బస్సు బ్రిడ్జి ఎక్కింది, కిటికీలోంచి గోదావరి గాలి చల్లగా కొడుతోంది, నేను ఊరికే కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. పాట ఏంటో తెలీదు గానీ, ఎక్కడ చరణం అయిపోయి మళ్ళీ మొదటికొచ్చిందో తెలిసిపోతోంది. కాసేపటికి ఒక దెబ్బ పడాల్సిన చోట పడలేదు. అమ్మాయి "ఛ" అని ఫోను బ్యాగులో పడేసింది. ఆ పడని దెబ్బ దగ్గర నాకు కరుణమ్మ పిన్నిగారు గుర్తొచ్చారు. ఆవిడ గురించి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మీరెవరూ ఆవిడని చూసి ఉండరు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

కరుణమ్మ పిన్నిగారు మాకు చుట్టం కాదు. రామచంద్రపురం దగ్గర మా ఊళ్ళో, మా ఇంటి గోడకి అవతలే ఆవిడ ఇల్లు. ఊడ్పుల్లో ఊడ్పులకీ, కోతల్లో కోతలకీ పొలం వెళ్ళేవారు, ఆదివారం వస్తే మా చర్చిలో డోలక్ వాయించేవారు. ఆడమనిషి డోలక్ ముందేసుకుని కూర్చోవడం అప్పట్లో మా చుట్టుపక్కల ఎక్కడా లేదు. వాళ్ళ నాన్నగారు వాయించేవారట, ఆయన పోయాక ఆ చోటు ఖాళీగా ఉంటే ఈవిడ వెళ్ళి కూర్చున్నారట. ఎవరైనా ఏమన్నా అన్నారా పిన్నిగారూ అని నేనోసారి అడిగితే, "అనే ఉంటారే. వాయిస్తుంటే వినబళ్ళేదు" అన్నారు. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. వాయించే ముందు అరచేతులకి పౌడరు రాసుకునేవారు. మొహానికి రాసుకోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

నేను పిఠాపురం వైపు నుంచి కోడలిగా వచ్చిన కొత్త అది. పెరట్లో బిందెలు తోముతూ, తోమిన బిందె బోర్లించి దాని మీద వేళ్ళతో కొట్టుకుంటూ ఉండేదాన్ని. ఓ పొద్దున గోడ మీంచి ఆవిడ తలకాయ కనబడింది.

"ఎవరే ఆ బిందె మీద కొట్టేది?"

"నేనేనండి పిన్నిగారు. ఊరికే."

"ఊరికే కొట్టినట్టు లేదు. పని అయ్యాక ఇటు రా."

వెళ్ళాను. డోలక్ చేతికిస్తారనుకున్నాను. ఇవ్వలేదు సరికదా, చాలా రోజులు దాన్ని ముట్టుకోనివ్వలేదు. చర్చిలో సారమ్మ మామ్మ అని ఓ పెద్దావిడ ఉండేది. పాట ఎత్తుకునేది ఆవిడే. గొంతు బాగుండేది గానీ ప్రతి చరణం చివరి మాటా వదలకుండా సాగదీసేది. పిన్నిగారు నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుని, "సారమ్మ మామ్మ ఊపిరి తీసుకున్నప్పుడల్లా నా మోకాలు తట్టు" అన్నారు. అదే చదువు. నేను మామ్మ గొంతు కింద పల్లం వైపు చూస్తూ, అది లోపలికి పోయినప్పుడల్లా పిన్నిగారి మోకాలు తట్టేదాన్ని. మొదట్లో ఆలస్యంగా తట్టేదాన్ని, తర్వాత సరిగ్గా తట్టాను, ఇంకొన్నాళ్ళకి ఆవిడ ఊపిరి తీయబోతోందని ముందే తెలిసిపోయేది. అప్పుడు పిన్నిగారు డోలక్ నా ముందుకి జరిపారు.

డోలక్ సంగతి తెలియని వాళ్ళకి ఒక మాట చెప్పాలి. దానికి రెండు మొహాలు. కుడివైపు చిన్నది, సన్నగా టంగుమంటుంది. ఎడమవైపు పెద్దది, లోపల తారులాంటి ముద్ద పూసి ఉంటుంది, గుమ్మంటుంది. కుడిచేతి వేళ్ళు ఎన్ని పరుగులు తీసినా పాట నిలబడేది ఎడమచేతి మీదే అనేవారు పిన్నిగారు. ముసురు పట్టిందంటే తోలు మెత్తబడిపోయి ఆ గుమ్ము కాస్తా చప్పగా పోతుంది. వానాకాలం అంతా ఆవిడ డోలక్‌ని పాత నేత చీరలో చుట్టి పొయ్యికి దగ్గర్లో పెట్టుకునేవారు. "దానికి జలుబు చేసిందే" అనేవారు. మా ఆయన ఇటునుంచి, "కషాయం పట్టండి పిన్నిగారూ" అనేవారు. "ముందు నీకు పడతాను, రాత్రంతా నీ గురక నా గోడకి తగులుతోంది" అని అటునుంచి వచ్చేది.

నేను మొదటిసారి పదిమందిలో వాయించింది ఓ ఇంట్లో ప్రార్థనకి. ఆ రోజు చేతులు నా మాట విన్నాయి. ఎక్కడా తడబడలేదు, ఒక్క దెబ్బ తప్పలేదు. తల ఎత్తి చూసేసరికి నేను పాట ముగించేశాను, సారమ్మ మామ్మా ఆడవాళ్ళూ ఇంకా ఆఖరి చరణంలో సగంలో ఉన్నారు. అందరూ ఆగిపోయి నా వంక చూశారు. పిన్నిగారు చెయ్యి చాపి అరచేత్తో డోలక్ మొహం మూసేశారు. ఇంటికొచ్చే దారిలో కాలవ గట్టు మీద అడిగారు.

"ఎవరికి వాయించావే?"

"పాటకేనండి."

"పాట ఎక్కడుంది?"

నేను వెనక్కి తిరిగి ఆ ఇంటి వైపు చూశాను.

"ఆ ముసలిదాని నోట్లో ఉంది. బయటికి రావడానికి దానికి కాస్త టైము పడుతుంది. వచ్చేదాకా ఉండాలి. ఊడ్పుల్లో చూడు, నీ చేతిలో నారు ముద్ద అయిపోయిందని వెనక్కి నాలుగు అడుగులేసేస్తే వరస ఏమవుద్ది? పక్కది వంగినచోటే ఉండిపోద్ది."

అంతే అన్నారు. తిట్టలేదు. నేను ఆ మాట పట్టుకుని చాలా ఏళ్ళు వాయించాను, ఆవిడ పక్కన కూర్చునీ, ఆవిడకి జ్వరం వచ్చిన ఆదివారాలు ఒక్కదాన్నీ. ఒక్క పాట మాత్రం ఎప్పుడూ నాకు ఇవ్వలేదు. మా చర్చిలో సార్వా, అదే తొలకరి వరి, కోతలయ్యాక కోతపండుగ చేస్తారు. ఆ రోజు ఆడవాళ్ళు వరి కంకుల కట్టలు, గుమ్మడికాయలు, కొబ్బరిగెలలు, ఎవరికి పండింది వాళ్ళు నెత్తిన పెట్టుకుని గుమ్మం దగ్గరనుంచి ముందున్న బల్ల దాకా పాడుకుంటూ నడిచి వస్తారు. ఆ పాటకి ఇంత పొడుగు అని లేదు. ఆఖరి మనిషి నెత్తిమీది బరువు బల్ల మీద దిగేదాకా నడుస్తూనే ఉంటుంది. వయసు పిల్లలు చకచకా వచ్చేస్తారు, మోకాళ్ళ నొప్పుల వాళ్ళు మధ్యలో ఆగుతారు. డోలక్ వాళ్ళ కాళ్ళ వంక చూస్తూ నడవాలి. ఆ పాట పిన్నిగారిది. ఆవిడ ఏడాదంతా దానికోసమే వాయిస్తారేమో అనిపించేది నాకు.

అలాంటి మనిషికి ఓ ఏడాది ఊడ్పుల రోజుల్లో, పొలంలోనే, కుడిచెయ్యి పడిపోయింది. చేతిలో నారు జారిపోతుంటే "బురద ఎక్కువైందే" అనుకున్నారట. మాట కూడా కాస్త ముద్దగా వస్తుంటే పక్కవాళ్ళు కనిపెట్టి గట్టు మీదకి తెచ్చారు. కాకినాడ తీసుకెళ్ళాం. మాట తిరిగొచ్చింది, కాలు కాస్త ఈడుస్తున్నా నడక వచ్చింది, చెయ్యి రాలేదు. ఆవిడకి పిల్లల్లేరు, చిన్న వయసులోనే పెనిమిటి పోయారు. పూటపూటా నేనే వెళ్ళి అన్నం కలిపి పెట్టేదాన్ని. నోరు తెరవడానికి ఆవిడకి ఎంత నామోషీగా ఉండేదో. గోడ వైపు చూస్తూ తినేవారు.

చర్చి అయ్యగారు చూడ్డానికొచ్చారు. మంచి మనిషి, చిన్న వయసు. ప్రార్థన చేసి, లేస్తూ, "కోతపండుగ గురించి బెంగపెట్టుకోకండమ్మా. మనకి కొత్త కీబోర్డు వచ్చింది కదా, దాంట్లో బీటు ఉంది. ఆ పాట ఈసారికి దాని మీద పెట్టేద్దాం. మీరు హాయిగా కూర్చుని వినండి" అన్నారు.

"నేనొస్తానండి అయ్యగారు" అన్నారు పిన్నిగారు.

"రండమ్మా, తప్పకుండా రండి."

"రావడం కాదండి. వాయించడానికి."

ఆయన నా వంక చూశారు. నేను నేల వంక చూశాను. "అలాగేనమ్మా, దేవుడి చిత్తం" అని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఆవిడ ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి డోలక్ మీద పెట్టి చూసుకున్నారు. అది అక్కడే పడి ఉంది.

చెయ్యి ఆడించడం నేర్పడానికి ఓ ఫిజియో అమ్మాయి వచ్చేది. రబ్బరు బంతి ఇచ్చి నొక్కమనేది. పిన్నిగారు రెండు రోజులు నొక్కి మంచం కింద పడేశారు. "ఎంత నొక్కినా చప్పుడు రాదు. చప్పుడు రాని పని ఈ చెయ్యి ఎప్పుడూ చెయ్యలేదమ్మా" అన్నారు ఆ అమ్మాయితో. అప్పుడు మా అమ్మాయి జ్యోతి డిగ్రీ చదువుతోంది. ఆ మాట విని, ఫోను పట్టుకుని ఆవిడ మంచం మీద కూర్చుంది.

"మామ్మగారూ, చప్పుడొచ్చే పని నేనిస్తాను. ఇదిగో, పైనుంచి నల్ల పలకలు జారతాయి. కింద గీత దగ్గరికి వచ్చేసరికి వేలితో తట్టాలి. పాట దెబ్బకి సరిగ్గా ఒక్కో పలక వస్తుంది. మీరు డోలక్ వాయిస్తారు కదా, మీకిది చిటికెలో పని."

బయట అరుగు మీద మా ఆయన పేపరు దించారు. "డోలక్‌కీ దానికీ సంబంధం ఏంటే? అది కళ్ళతో ఆడే ఆట."

"పందెమా నాన్నా? మామ్మగారు గెలిస్తే ఆదివారం కోడిని నువ్వే కడగాలి."

"ఓడిపోతే నువ్వు."

ఫోను తలగడ మీద పెట్టి, పిన్నిగారి కుడిచేతి చూపుడువేలు నేను పట్టుకుని ఆనించాను. పాట మొదలైంది. మొదటి రెండు పలకలు ఎలాగో తట్టారు. మూడోదాని దగ్గర ఆగారు. పలక గీత దాటి జారిపోయింది, తెర ఎర్రగా అయి పాట ఆగిపోయింది.

"ఏంటే, ఆపేసింది?"

"మీరు తప్పారు మామ్మగారూ."

"నేను తప్పడమేంటి? అక్కడ చరణం అయింది. పాడే అమ్మాయి ఊపిరి తీసుకోవద్దూ?"

మళ్ళీ పెట్టింది. మళ్ళీ అక్కడే. నాకు నవ్వు ఆగలేదు, ఎందుకంటే చరణం చివర నా వేళ్ళు కూడా వాటంతట అవే ఆగాయి. మా ఆయన అక్కడినుంచి, "ఏమ్మా, కత్తిపీట ఎక్కడుందో చూసుకున్నావా?" అంటున్నారు. మూడోసారి పిన్నిగారు కళ్ళు మూసుకుని వింటూ తట్టారు. ఈసారి తాళం ఎక్కడా పోలేదు, కానీ వేలు ఒకే చోట పడుతోంది, పలకలు నాలుగు దారుల్లో వస్తున్నాయి.

"దెబ్బ కరెక్టేనండి, చోటే తప్పు" అంది జ్యోతి.

"నువ్వు కొట్టు, చూస్తాను."

జ్యోతి ఫోను తీసుకుంది. కాస్త గొప్ప కోసం సౌండు కూడా తీసేసి, ఉత్త చూపుతో పాట చివరిదాకా కొట్టేసింది. ఒక్కటీ పోలేదు. పిన్నిగారు ఆశ్చర్యంగా చూశారు.

"పాట లేకుండానే వాయించేశావా?"

"అవునండి."

"మరి ఆ పాట ఎందుకే దాంట్లో?"

జ్యోతి "బావుంటుందనండి" అంది. "అయితే ఇప్పుడు కళ్ళు మూసుకుని, పాట విని, ఈ మంచం పట్టె మీద కొట్టు" అన్నారు పిన్నిగారు. జ్యోతి కొట్టింది. కాసేపు బాగానే ఉంది, తర్వాత చెయ్యి పాటని వదిలేసి ముందుకి వెళ్ళిపోయింది. "పాట ఇంకా బయల్దేరలేదు, నువ్వు అప్పుడే ఊరు చేరిపోయావు" అన్నారు ఆవిడ. ముగ్గురం నవ్వుకున్నాం. జబ్బు చేశాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. ఆ ఆదివారం కోడిని తండ్రీ కూతురూ కలిసే కడిగారు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం అదే పని. ఆవిడకి ఒక కిటుకు దొరికింది. "ఇది తొందర మనిషే. తొందర మనుషుల్ని చూడలేదా మనం, మన ఊడ్పుల మేస్త్రి లేడూ? ఆడు మనకోసం ఆగడు. ఆడు ఎప్పుడు అరుస్తాడో ముందే తెలుసుకుని నడుం వంచాలి" అనేవారు. ఆటని మేస్త్రి కింద లెక్కేసుకున్నాక ఆవిడ పాటలన్నీ ముందు విని, నోటికి వచ్చేదాకా వినిపించుకుని, అప్పుడు ఆడేవారు. ఎప్పుడు తట్టాలో చెవి చెప్పేది, ఎక్కడ తట్టాలో కన్ను చెప్పేది. వేగంగా పరిగెత్తే పాటల్లో జ్యోతి దరిదాపుల్లోకి కూడా రాలేకపోయారు. కానీ ఒక పాట మధ్యలో నెమ్మదిస్తుంది. అక్కడ జ్యోతి వేలు ప్రతిసారీ ముందే పడిపోయేది, ఆవిడ వేలు ఒక్కసారి కూడా అలా ముందు పడేది కాదు.

వాయిద్యం వచ్చినవాళ్ళకి ఆ ఆట బాగా వస్తుందా అమ్మా అని జ్యోతి ఇప్పటికీ అడుగుతుంది. దాని స్నేహితుల్లో దానిమీద పెద్ద వాదనలే నడుస్తాయట. నాకు తెలిసింది నా కళ్ళముందు జరిగినదే. చెవి సాయం చేస్తుంది, అబద్ధం కాదు. అలవాటే అడ్డం పడుతుంది. డోలక్ వాయించే మనిషి ఎదుటివాళ్ళ కోసం చెయ్యి ఆపడం నేర్చుకుంటుంది, ఆ ఆటలో ఎదుట ఎవరూ లేరు. అంతమాత్రాన ఆటని తక్కువ చెయ్యను, ఎందుకంటే కార్తీకంలో ఒకరోజు నేను పప్పన్నం పళ్ళెం పట్టుకుని వెళ్ళేసరికి పిన్నిగారు, "అక్కడ పెట్టి వెళ్ళు" అన్నారు. గుమ్మం బయట నిలబడి చూశాను. కుడిచేత్తో నెమ్మదిగా కలుపుకున్నారు. సగం మెతుకులు ఒళ్ళో పడ్డాయి. మిగిలిన సగం తన చేత్తో తిన్నారు. నేను గోడ చాటుకి వెళ్ళి కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ ధైర్యంతోనే మర్నాడు చీరలోంచి డోలక్ విప్పించారు. ఎడమచెయ్యి గుమ్మంది. కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ పడుతున్నాయి గానీ, ఒకదాని వెనక ఒకటి పడాల్సిన వరస రావడం లేదు. అద్దం మీద తట్టినంత తేలిక కాదు, తోలు మీద చప్పుడు పుట్టించాలంటే మణికట్టులో బలం ఉండాలి. చాలాసేపు ప్రయత్నం చేశారు. నేను డోలక్ జారకుండా పట్టుకుని కూర్చున్నాను. జ్యోతి మాత్రం, "ఇంకొన్నాళ్ళు ఆడితే వస్తుందండి మామ్మగారూ" అంది.

"నీ ఆట నాకు అన్నం పెట్టింది తల్లీ. ఇంతకంటే అడిగితే అది మాత్రం ఏం చేస్తుంది" అన్నారు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నారు. పండుగ వచ్చే ఆదివారమే.

శనివారం వెళ్ళి అడిగాను. "పిన్నిగారూ, అయ్యగారు ఆ బీటు బదులు నన్ను వాయించమంటున్నారు. ఏం చెప్పమంటారు?"

"వాయించు."

"మీ పాటండి అది."

"నాది అయితే నేను వాయించుకునేదాన్నిగా." నా చేతుల వంక చూసి, "నీ కుడిచెయ్యి బాగానే ఉందిగా?" అన్నారు.

"ఉందండి."

"నా ఎడమచెయ్యి కూడా బాగానే ఉంది."

నాకు అప్పటికి అర్థం కాలేదు. ఆదివారం పొద్దున్నే ఉతికిన తెల్లచీర కట్టుకుని, జ్యోతి భుజం పట్టుకుని చర్చికి వచ్చారు. నేను డోలక్ ముందు కూర్చుంటే వచ్చి నాకు ఎడమవైపు చాప మీద చతికిలబడ్డారు. "పౌడరు రాయి" అని ఎడమచెయ్యి చాపారు. రాశాను. డోలక్‌ని కాస్త తన వైపు లాక్కుని, పెద్ద మొహం మీద ఆ చెయ్యి పెట్టారు. "కుడివైపు నీది" అన్నారు. కీబోర్డు దగ్గర ఉన్నాయనకి అయ్యగారు చేత్తో వద్దని సైగ చేశారు.

గుమ్మం దగ్గర సారమ్మ మామ్మ ఎత్తుకుంది. ఎప్పటిలాగే మొదటి మాటే సాగదీసింది. పిన్నిగారి చెయ్యి లేచి గాలిలో ఉంది. నా వేళ్ళు దురద పెడుతున్నాయి. ఒక మనిషి రెండు చేతులతో వాయిస్తే ఒక చెయ్యి సంగతి ఇంకో చేతికి అడక్కుండానే తెలుస్తుంది. ఇక్కడ ఆ చెయ్యి ఇంకొకరిది. నేను ఆవిడ మొహం చూడలేదు, సారమ్మ మామ్మ మొహమూ చూడలేదు. పక్కన ఆవిడ ఊపిరి విన్నాను. అది లోపలికి వెళ్ళింది, గుమ్మని దెబ్బ పడింది, దాని వెనకే నా వేళ్ళు నడిచాయి. కంకుల కట్టలు వచ్చాయి, గెలలు వచ్చాయి. ఓ ముసలావిడ గుమ్మడికాయతో సగం దారిలో ఆగి మోకాలు పట్టుకుంది. పిన్నిగారి దెబ్బ కూడా అక్కడే ఆగింది, ఆవిడ అడుగు వేశాకే పడింది. నేను తప్పానా అంటే తప్పాను, రెండు మూడు చోట్ల. ఆ ముసలావిడ బల్ల మీద గుమ్మడికాయ దించాక పిన్నిగారు ఆఖరి దెబ్బ వేసి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు.

"తొందర తగ్గిందే నీకు" అన్నారు మెల్లిగా. నన్ను ఆవిడ మెచ్చుకున్నది అదొక్కటే.

మరుసటి ఏడు కోతపండుగ కూడా అలాగే ఇద్దరం వాయించాం. ఆ తర్వాతి వేసవిలో ఆవిడ నిద్రలోనే పోయారు. డోలక్ నాకిచ్చారని ప్రత్యేకంగా ఎవరూ చెప్పలేదు, జ్యోతి వెళ్ళి మా ఇంటికి తెచ్చేసింది, ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆ పాట నేనే వాయిస్తాను, రెండు మొహాలూ నావే. చేతులు రెండూ బాగానే ఉన్నాయి, దేవుడి దయ. అయినా ఆడవాళ్ళు గుమ్మం దగ్గర బరువులెత్తుకుని నిలబడ్డప్పుడు, పాట ఎత్తుకోగానే, నా ఎడమచెయ్యి నాది కాదనిపిస్తుంది. అది లేచి గాలిలో ఆగుతుంది. ఎప్పుడు పడుతుందో నాకు తెలీదు. కుడిచేతి వేళ్ళు తోలు మీద ఆనించి, ఎడమపక్క ఖాళీగా ఉన్న చాప వైపు చెవి పెట్టుకుని కూర్చుంటాను.